వరి మడిని తిడితే మెదడువాపు ఆగదు

ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆయకట్టు ప్రాంతాల్లో చాలా చోట్ల నాట్లు ముగిసి ఉంటాయి. మొదటి దఫా యూరియా కోసం సొసైటీ ముందు చెప్పుల వరసలు కనబడే రోజులివి. మడిలో పలచటి నీళ్లు, నీళ్ల మీద ఎండ, మధ్యలో తెల్ల కొంగలు. సరిగ్గా ఈ రోజుల్లోనే మెదడువాపు వైరస్‌ను మోసే దోమ కూడా మన మడిలో గుడ్లు పెడుతుంది. మామూలుగా ఈ పేజీలో గిట్టుబాటు ధర, కౌలు కార్డు, పంట నష్టం గురించి రాస్తాం. ఈ నెల దోమ గురించి రాయడానికి కారణం మన సంఘం సభ్యుడైన ఒక కౌలు రైతు కూతురు.

ఊరి పేరూ మనిషి పేరూ వద్దని వాళ్లు అన్నారు కాబట్టి రాయడం లేదు. పాపకు ఆరేళ్లు. నిరుడు కార్తీక మాసంలో జ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. రెండో రోజు తలనొప్పి, వాంతులు. మూడో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, తెల్లారాక ఆటో మాట్లాడుకుని ఏరియా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పద్దెనిమిది రోజులు అక్కడే. పాప బతికింది. ఇప్పుడు నడుస్తుంది కానీ కుడి చెయ్యి బిగుసుకుపోయింది. మాటలు పోయాయి, ‘అమ్మా’ ఒక్కటే మిగిలింది. ఒకటో తరగతి చదవాల్సిన పిల్ల తల్లి కలుపు తీస్తుంటే గట్టు మీద కూర్చుని చూస్తూ ఉంటుంది.

మేము పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన లోపలికి వెళ్లి టీకాల కార్డు తెచ్చి చూపించాడు. మెదడువాపు టీకా మొదటి డోసు గడిలో తేదీ ఉంది. రెండో డోసు గడి ఖాళీ. ఆ నెలల్లో కుటుంబమంతా మిరపకాయ ఏరడానికి వేరే జిల్లాకు పోయింది. తిరిగొచ్చాక ఎవరూ అడగలేదు, వీళ్లకూ గుర్తు లేదు. రెండో డోసు పడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ ఆ తండ్రి ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

తర్వాత ఊళ్లో జరిగిందేమిటి? పొగ యంత్రం వచ్చి రెండు సాయంత్రాలు వీధుల్లో తిరిగింది. పందులు మేపుకునే ఎరుకల కుటుంబాలను పిలిచి, రెండు రోజుల్లో పందుల్ని తోలెయ్యకపోతే పట్టించేస్తామన్నారు. వచ్చిన అధికారి ఒకాయన “ఊరి చుట్టూ ఇంత వరి వేస్తే దోమలు రాక ఏమొస్తాయి” అని వెళ్లిపోయాడట. అంటే తప్పు వరి రైతుది, పంది కాపరిది. టీకా గడి ఖాళీగా ఎందుకుందని అడిగినవాళ్లు లేరు.

దాచుకోవడం ఎందుకు, కొన్నేళ్ల కిందట మన సంఘం మండల కమిటీ ఒకటి కూడా ‘పందులను పూర్తిగా తొలగించాలి’ అని అర్జీ పెట్టింది. ఆ అర్జీ తప్పని ఇప్పుడు మేము అనుకుంటున్నాం. ఎందుకో చెప్పాలంటే ఈ వైరస్ ఎక్కడ బతుకుతుందో, మనిషి దాకా ఎలా వస్తుందో ముందు చెప్పాలి.

దీని పూర్తి పేరు జపనీస్ ఎన్‌సెఫలైటిస్. డాక్టర్లు జేఈ అంటారు. డెంగీ వైరస్‌దీ దీనిదీ ఒకే కుటుంబం. జపాన్‌లో 1935లో ఒక రోగి నుంచి ఈ వైరస్‌ను వేరు చేశారు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, చిత్తూరు జిల్లా పక్కనున్న వెల్లూరులో. 1973లో పశ్చిమ బెంగాల్లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో పెద్ద ఎత్తున వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల నుంచి పదే పదే వచ్చిపోయింది. 2005లో గోరఖ్‌పూర్, దాని చుట్టుపక్కల తూర్పు ఉత్తరప్రదేశ్ జిల్లాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది పిల్లలే. ఈ పేర్లన్నీ వరుసగా చూడండి, అన్నీ వరి పండే నేలలే.

వైరస్‌కు అసలు ఇల్లు మనిషి కాదు. కొంగల్లో, నీటి పక్షుల్లో అది తిరుగుతూ ఉంటుంది. పంది దగ్గరకు వచ్చేసరికి బాగా పెరుగుతుంది. దోమ కుట్టిన పంది రక్తంలో కొన్ని రోజుల పాటు వైరస్ విపరీతంగా ఉంటుంది. ఆ రోజుల్లో కుట్టిన దోమ వైరస్‌ను తాగుతుంది. దోమ ఒంట్లో అది పెరిగి లాలాజలం దాకా రావడానికి వారం పది రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆ దోమ బతికినంత కాలం ఎవర్ని కుట్టినా అంటిస్తుంది. పంది మాత్రం చాలావరకు జబ్బు పడదు. చూడి పంది అయితే పిల్లలు చచ్చి పుడతాయి, లేదా ఈచుకుపోతుంది.

మనిషి, గేదె, ఆవు ఈ దారిలో చివరి మజిలీ. మన రక్తంలో వైరస్ దోమకు తిరిగి అంటేంత మోతాదులో ఉండదు. కాబట్టి జబ్బు పడిన పిల్ల నుంచి పక్క పిల్లకు రాదు, ఆ పిల్లను కుట్టిన దోమ ద్వారా కూడా రాదు. పంది మాంసం తింటే రాదు. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఆ పాపను అంగన్‌వాడీ అరుగు మీద కూడా మిగతా పిల్లల పక్కన కూర్చోబెట్టొద్దని అన్న తల్లులు ఉన్నారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక దోమ. డెంగీ దోమ పగలు కుడుతుంది, డ్రమ్ములో, కుండీలో, పాత టైరులో నిలిచిన నీటిలో పెరుగుతుంది. ఇది ఆ దోమ కాదు. క్యూలెక్స్ జాతిలో వరి మడిని ఇష్టపడే దోమలు ఇవి. నాటు పడిన తొలి వారాల్లో, పైరు ఇంకా కమ్మకుండా ఎండ నీటిని తాకే రోజుల్లో ఎక్కువగా గుడ్లు పెడతాయి. ఒక్కో దోమ వందకు పైగా గుడ్లు తెప్పలా అతికించి నీటి మీద వదులుతుంది. మన ఎండలకు వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. మసక చీకటి పడ్డప్పటి నుంచి తెల్లవారే దాకా, ఎక్కువగా ఆరుబయట కుడుతుంది. మనిషి కంటే పశువంటే దీనికి ఇష్టం. కడుపు నిండాక ఇంటి గోడ మీద వాలదు, చెట్టూ చేమా, పైరు మధ్య దాక్కుంటుంది. అందుకే గోడలకు మందు కొట్టడం దీని మీద పెద్దగా పనిచేయదు. వీధిలో పొగ పెడితే ఆ గంటలో అక్కడ ఎగిరే దోమలు పడిపోతాయి, మర్నాటికి మడి నుంచి కొత్తవి వస్తాయి. ఒక కిలోమీటరు దాటి ఎగరడం దీనికి పెద్ద పని కాదు. కర్నూలు జిల్లాలో ఈ దోమల రాకపోకలను, వానకూ వాతావరణానికీ వాటితో ఉన్న లంకెను హైదరాబాద్ ఐఐసీటీ శాస్త్రవేత్తలు పరిశీలించారు. శాస్త్రవేత్తలు చూస్తూనే ఉన్నారు. చూసింది పంచాయతీ ఆఫీసు దాకా రావడం లేదంతే.

మనిషిలో ఏం జరుగుతుంది? ఈ వైరస్ సోకిన వాళ్లలో చాలా మందికి ఏమీ కాదు. జ్వరం కూడా రాకుండా పోతుంది. దాదాపు 250 మందిలో ఒకరికి తీవ్రమైన జబ్బుగా మారుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఒక్కరు ఎక్కువగా పదిహేనేళ్ల లోపు పిల్లలే ఎందుకంటే, ఈ ప్రాంతాల్లో పెరిగిన పెద్దవాళ్లకు చిన్నప్పుడే తెలియకుండా సోకి రక్షణ వచ్చి ఉంటుంది. దోమ కుట్టాక 4 నుంచి 14 రోజుల్లో జ్వరం, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. చిన్న పిల్లల్లో కడుపు నొప్పి కూడా ఉండొచ్చు. రెండు మూడు రోజుల్లో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఫిట్స్, స్పృహ తప్పడం. వైరస్ మెదడు లోతుల్లోకి, కదలికలను నడిపించే చోట్లకు పోతుంది. అందుకే బతికిన పిల్లల్లో ముఖంలో భావం లేకపోవడం, చేతులు వణకడం, కాలో చెయ్యో పోలియో వచ్చినట్టు చచ్చుబడటం కనిపిస్తాయి. మెదడు దాకా వచ్చిన వాళ్లలో 30 శాతం వరకు చనిపోతారు. బతికిన వాళ్లలో 20 నుంచి 50 శాతం దాకా ఏదో ఒక లోపంతో మిగులుతారని వేర్వేరు లెక్కలు చెబుతున్నాయి.

వైరస్‌ను చంపే మందు లేదు. మందు లేదంటే చేయగలిగింది లేదని కాదు. ఫిట్స్ ఆపడం, మెదడు వాపు తగ్గించడం, ఊపిరి ఆడేలా చూడడం, ఒంట్లో నీరు, చక్కెర తగ్గకుండా చూడడం, ఈ పనులు ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మన ఊళ్లలో పోయేది ఆ మొదటి రాత్రే. జ్వరంతో ఉన్న పిల్లకు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు ఏదీ పెట్టొద్దు. తాళంచెవులు వెతికే సమయంలో 108కి ఫోన్ చేయండి. ఇంకో మాట, మెదడుకు ఎక్కిన మలేరియా కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది, దానికి మందు ఉంది. కాబట్టి ఆసుపత్రిలో మలేరియా రక్త పరీక్ష చేశారా అని అడగడానికి మొహమాటపడొద్దు.

పరీక్ష గురించి ఇంకాస్త చెప్పాలి. జేఈ అవునో కాదో తేలాలంటే వెన్నునీరు గానీ రక్తం గానీ తీసి ఎలీసా పరీక్ష చేయాలి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే పోతుంటే అందరూ జేఈ అనుకున్నారు. 329 మంది పిల్లలకు వచ్చింది, 183 మంది చనిపోయారు. పరీక్షల్లో తేలింది చండీపురా వైరస్. దాన్ని మోసేది దోమ కాదు, గోడ పగుళ్లలో, పశువుల పాక దగ్గర తిరిగే ఇసుక ఈగ. దానికి చేయాల్సిన పని వేరు. మలేషియాలో 1998–99లో పందుల రైతులు జబ్బు పడితే అక్కడా మొదట జేఈ అని దోమల మందు కొట్టారు. అది నిపా అని తెలిసేసరికి నెలలు గడిచాయి, వంద మందికి పైగా పోయారు. మన దగ్గర ‘మెదడువాపు’ అనే ఒక్క మాట కింద పది రకాల జబ్బులు కలిసిపోతున్నాయి. పరీక్ష చేయకుండా పొగ పెట్టడమంటే, భూసారం చూడకుండా బస్తాలు దింపడం లాంటిదే.

ఇప్పుడు పందుల సంగతి. ఒకసారి వైరస్ సోకి తేరుకున్న పందిలో రక్షణ మిగిలిపోతుంది, అది మళ్లీ వైరస్‌ను పెంచదు. పెంచేది ఏటా కొత్తగా పుట్టే పిల్లలు. భయపెట్టి ఉన్న పందులన్నీ అమ్మించేస్తే, నాలుగు నెలలకు మళ్లీ కొత్త పిల్లలు కొని తెచ్చుకుంటారు. బతుకుతెరువు మరి. అంటే వైరస్‌కు కొత్త మేత మనమే తెచ్చిపెట్టినట్టు. ఊరి నడుమ నుంచి పక్క ఊరి పొలిమేరకు తోలితే దోమ ఎగిరే దూరంలోనే ఉంటాయి. కొంగల్ని ఎక్కడికి తోలతాం? ఇళ్లకు దూరంగా స్థలం చూపించి, దోమ తెరలున్న షెడ్లు కట్టిస్తే అది పరిష్కారం. ఆ ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. ఆ కుటుంబాలను నేరస్తుల్లా చూసే అలవాటు బ్రిటిష్ కాలం నాటిది, దాన్ని ఆరోగ్యం పేరుతో మళ్లీ మొలకెత్తించొద్దు.

నిజానికి పంది కాపరి ఈ విషయంలో అందరికంటే ముందు కబురు చెప్పగలిగినవాడు. 2022 మొదట్లో ఆస్ట్రేలియా ఆగ్నేయ రాష్ట్రాల్లో భారీ వానల తర్వాత పందుల ఫారాల్లో పిల్లలు వరుసగా చచ్చి పుట్టాయి. ఆ కబురుతోనే జేఈ అక్కడి దాకా వచ్చిందని బయటపడింది. మన ఊళ్లో చూడి పందులు వరుసగా ఈచుకుపోతే అది పశువుల డాక్టరుకు, ఆయన నుంచి పీహెచ్‌సీకి చేరాలి. తిట్టే ఊళ్లో ఎవరు చెబుతారు?

వరి సంగతికి వద్దాం. మడిలో దోమ పెరగడం నిజం. కాదని వాదించడం రైతు సంఘం పని కాదు. కానీ వరి మానుకోమనడం కూడా జవాబు కాదు. మడిలో నీళ్లు నెలల తరబడి కదలకుండా నిలవాలన్న నియమం పైరుకేమీ లేదు. శ్రీ పద్ధతి వేసినవాళ్లకు ఇది తెలుసు. నాటిన తర్వాత కలుపు అదుపుకు వారం పది రోజులు పలచగా నీరుంచి, ఆ తర్వాత తడి–పొడి పద్ధతిలోకి వెళ్లొచ్చు. చిల్లులు పెట్టిన పైపు ముక్క మడిలో పాతి, లోపల నీరు మట్టి కింద 15 సెంటీమీటర్లకు దిగినప్పుడు మళ్లీ రెండంగుళాలు పెట్టడం అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే లెక్క. పూత సమయంలో మాత్రం నీరు తగ్గనివ్వకూడదు. దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పది రోజులు కావాలి కదా, ఈ లోపు మడి మూడు నాలుగు రోజులు ఆరితే లార్వాలు చచ్చిపోతాయి. తమిళనాడులోనూ చైనాలోనూ పొలాల్లో చేసి చూశారు, దోమలు తగ్గాయి, దిగుబడి పోలేదు. చౌడు నేలల్లో, నెర్రెలిచ్చే నల్లరేగడిలో జాగ్రత్తగా చేయాలి, ఎండలకు పూర్తిగా వదిలేయకూడదు.

అయితే ఇక్కడే అసలు చిక్కు. బోరు కింద రైతు మోటారు తన చేతిలో ఉంది కాబట్టి ఈ పద్ధతి పాటించగలడు. కాలువ కింద రైతు, అందులోనూ చివరి భూముల రైతు, ఈ రోజు నీరు ఆరబెడితే వచ్చే వారం వస్తుందన్న నమ్మకం ఎక్కడుంది? వచ్చినప్పుడే గట్టు తెగేదాకా నింపుకుంటాడు. మేమైనా అదే చేస్తాం. పైగా ఒక్క రైతు ఆరబెడితే లాభం లేదు, పక్క మడి నిండుగా ఉంటే దోమ అక్కడ పెరుగుతుంది. తూము కింద భూమంతా ఒకేసారి తడవాలి, ఒకేసారి ఆరాలి. అది వారబందీ ప్రకారం మాట తప్పకుండా నీరు వదిలితేనే సాధ్యం. కాలువల పూడిక తీయరు, షట్టర్లు తుప్పుపట్టి ఏళ్లయింది, లస్కర్ల పోస్టులు ఖాళీ. దోమ ఎందుకు పెరిగిందని నీటిపారుదల శాఖను కూడా అడగాలి.

ఎరువు మాట కూడా చెప్పుకుందాం, మనకు నచ్చకపోయినా. మదురైలో ఐసీఎంఆర్ కేంద్రం వాళ్లు వరి పొలాల్లో చూసిందేమిటంటే, యూరియా వంటి రసాయన నత్రజని పడిన మడుల్లో దోమ లార్వాలు ఎక్కువవుతున్నాయి. నత్రజనికి నీటిలో నాచు, సూక్ష్మజీవులు పెరుగుతాయి, అదే వాటి తిండి. వేప చెక్క కలిపిన యూరియా, దానికి తోడు నీరు ఆరబెట్టడం, రెండూ కలిస్తే దోమలు గణనీయంగా తగ్గాయి. అవసరానికి మించి గుప్పే అలవాటు మన జేబుకే కాదు, పిల్లలకూ చేటు. పురుగు మందులదీ ఇదే కథ. తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చిన్న చేపలు లార్వాల్ని తినేవి. మందు వాటిని ముందు చంపుతుంది, దోమ మాత్రం తట్టుకోవడం నేర్చుకుంటుంది.

ఇవన్నీ చేసినా మడిలో దోమ ఉండనే ఉంటుంది. తగ్గుతుంది గానీ పోదు. కాబట్టి పిల్లకూ వైరస్‌కూ మధ్య గట్టిగా నిలబడేది టీకా ఒక్కటే. జపాన్‌ను చూడండి. అక్కడ ఇప్పటికీ వరి ఉంది, పందులున్నాయి, పందుల రక్తంలో వైరస్ జాడ ఏటా కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు ఏటా వేలల్లో వచ్చిన జబ్బు ఇప్పుడు పది మందికి అటూ ఇటూ వస్తోంది. దశాబ్దాల పాటు పిల్లలందరికీ టీకా వేశారు. కొరియాదీ ఇదే అనుభవం.

మన దేశంలో మొదట కసౌలిలో ఎలుక మెదడు నుంచి చేసే టీకా ఉండేది. మూడు డోసులు కావాలి, తయారయ్యేది కొద్దిగా. గోరఖ్‌పూర్ చావుల తర్వాత, 2006లో చైనా నుంచి తెప్పించిన టీకాతో పెద్ద కార్యక్రమం మొదలైంది. ఒక డోసు చాలదని తేలి 2013 నుంచి రెండు డోసులు చేశారు. అదే ఏడాది మన హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ సంస్థ జెన్‌వ్యాక్ అనే టీకా తెచ్చింది. దాని తయారీకి వాడింది 1981లో కర్ణాటకలోని కోలార్‌లో ఒక రోగి నుంచి తీసిన వైరస్. టీకా కొరత అన్న సాకు ఇక చెల్లదు.

9 నెలలు నిండాక మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఉచితం. కానీ ప్రభుత్వం జబ్బు ఉన్నట్టు గుర్తించిన జిల్లాల్లోనే వేస్తారు. ఇక్కడ మా అభ్యంతరం ఉంది. దోమకు జిల్లా సరిహద్దు తెలియదు, మిరప కూలికి కూడా తెలియదు. జాబితాలో లేని జిల్లా నుంచి ఉన్న జిల్లాకు నాట్లకు, కోతలకు వచ్చే కూలీల పిల్లలు గట్ల మీదే పడుకుంటారు. వాళ్లకు టీకా లేదు, చిన్నప్పటి నుంచి సోకి వచ్చే రక్షణా లేదు. జబ్బు లెక్కలు రావాలంటే పరీక్షలు జరగాలి, పరీక్షలు జరగని జిల్లాలో జబ్బు లేదని రాసుకుంటారు. జిల్లాల విభజన తర్వాత ఏ మండలం ఏ జాబితాలో ఉందో ఏఎన్‌ఎంలకే స్పష్టంగా తెలియని చోట్లున్నాయి. వరి ఆయకట్టు ఉన్న ప్రతి మండలంలో ఈ టీకా ఇవ్వాలన్నది మన డిమాండ్. వయసు దాటిందని వెనక్కి పంపకూడదు. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఆలస్యంగానైనా వేయవచ్చని జాతీయ టీకాల కార్యక్రమం నిబంధనల్లోనే ఉంది.

బతికి బయటపడ్డ పిల్లల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. 2012లో కేంద్రం మెదడువాపు మీద జాతీయ కార్యక్రమం ప్రకటించింది. చికిత్స, మంచినీరు, పునరావాసం అన్నీ కలిపిన మంచి పథకమే. అది 5 రాష్ట్రాల్లోని 60 జిల్లాలకు. అస్సాం, బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, తమిళనాడు. మన రెండు రాష్ట్రాలూ అందులో లేవు. మన పిల్లలకు మిగిలింది సదరం శిబిరం చుట్టూ తిరగడం, పింఛను కోసం ఎదురుచూడడం. మండల కేంద్రంలో భవిత కేంద్రం ఉంది, ఫిజియోథెరపీ చేయిస్తే చెయ్యి కొంత వదులవుతుందని డాక్టరు అన్నారు. ఊరి నుంచి పదిహేడు కిలోమీటర్లు, రానూపోనూ ఆటో ఖర్చు, తల్లికి ఒక రోజు కూలి. కలుపు రోజుల్లో ఆ తల్లి వారానికి ఒక్కసారి కూడా పోలేకపోయింది. ఆసుపత్రి బిల్లు తప్పినా మందులకు, తిండికి, తిరుగుళ్లకు చేసిన అప్పు లక్షన్నర దాటింది. కౌలు రైతు కాబట్టి బ్యాంకు లోను రాదు, అది కూడా నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పే. కుటుంబం పంట నష్టపోతే అంచనా వేయడానికి ఫారం ఉంది. పిల్ల మాట పోతే ఏ ఫారంలో రాయాలి?

ఈ నెల 10 నుంచి 25 వరకు గ్రామ కమిటీలు చేయాల్సిన పని ఇది. ఇంటింటికీ వెళ్లి పదిహేనేళ్ల లోపు పిల్లల టీకా కార్డులు చూడండి. రెండో డోసు గడి ఖాళీగా ఉన్న పిల్లల పేర్లు, కార్డే లేని పిల్లల పేర్లు విడివిడిగా రాయండి. వలస కూలీల గుడిసెలు, ఇటుక బట్టీలు, ఎరుకల వాడ వదిలిపెట్టొద్దు. ఆశా కార్యకర్తను వెంట తీసుకువెళ్లండి, ఆమెతో గొడవ పెట్టుకోవద్దు. ఆమె జీతం కోసం ధర్నా చేసింది మనమే. పశువుల కాపరులనూ పంది కాపరులనూ అడిగి ఈచుకుపోయిన పశువుల లెక్క కూడా రాసుకోండి. జాబితా ఒక కాపీ పీహెచ్‌సీ డాక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ జిల్లా ఆఫీసుకు పంపండి. తూము కమిటీలు ఉన్న చోట డీఈ గారిని కలిసి వారబందీ తేదీలు కాగితం మీద రాయించుకోండి. జిల్లాల వారీగా వచ్చిన ఖాళీ గడుల లెక్క వచ్చే సంచికలో ఇదే పేజీలో వేస్తాం.